ఇషాపూర్ రైఫిల్ మీద ఏడాది కనబడ్తలేదా

అది చెరిగిపోలేదు తమ్మీ, గట్టివడ్డ పాత గ్రీజు కింద దాగి ఉంటది. డల్లాస్‌ల మీ అన్న కొన్న మిలిటరీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, బెంగాల్ల ఇషాపూర్ తుపాకుల కార్ఖానల చేసింది, ఏ ఏడుదో తెలుస్తలేదన్నవు గదా, నల్లగొండకెల్లి ఫోన్‌లనే చెప్పి చేపియ్యి.

1. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, బోల్ట్ (తూటాను లోపటికి నెట్టే కడ్డీ) గుంజి, లోపట తూటా లేదని సూడమను.

2. అందరు బ్యారెల్ మీద ఎతుకుతరు, ఏడాది ముద్ర ఉండేది బోల్ట్ పిడి కింద, ఎనక కర్ర అతికేకాడ, ఇనుము మీద కుడిదిక్కు. కిరసనాయిల్ గుడ్డతోని నిమ్మలంగ తుడవాలె, ఎమరీ పేపర్ వద్దే వద్దు, ముద్ర అరిగితే రైఫిల్ చరిత్రే పోతది.

3. కిరీటం, జీఆర్‌ఐ (తెల్లరాజు జార్జి గుర్తు) ఉంటే ఆ రాజు పేరు నడిచిన కాలంది. సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ) ఉంటే స్వతంత్రం తర్వాతది. 2ఏ1 అనే మోడల్ పేరు ఉంటే 7.62 ఎం.ఎం. తూటాది, దాంట్ల 303 తూటా పెట్టొద్దు.

బోల్ట్ నంబర్, బాడీ నంబర్ ఒకటేనా సూడు, బెంగాల్ కార్ఖానల పుట్టింది జత ఇడువకుండ అంత దూరం పోయిందంటే ఆ మోజే వేరు.