ఆ పాత లైకా ఉంచాలా, అమ్మాలా: మేనల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. ఆ పాత లైకా కెమెరా కొనేటప్పుడు ఒక్క ముక్కయినా చెప్పలేదు, ఇప్పుడేమో "మామయ్యా, ఉంచుకోనా, అమ్మేయనా" అంటున్నావు. సరేలే, ఎంతకి కొన్నావో మీ అమ్మకి తెలిసేలోపు తేల్చేద్దాం. నెట్‌లో ధరలు చూస్తూ కూర్చుంటే ఇది తేలదు. ఆఫీసులో వాళ్ళు తమ ఫోన్ ఫొటో పక్కన పెట్టి నవ్వారన్నావే, దానివల్ల అసలే తేలదు. ఆ కెమెరా మెడలో ఉన్నప్పుడు నువ్వు తీస్తున్న ఫొటోలు, ఫోన్ ఉంటే తీసి ఉండేవా? తీసేవాడివే అయితే అమ్మెయ్, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఆ ఫొటోలు వేరే రకంగా ఉంటుంటే అప్పుడు మాట్లాడుకుందాం. కానీ అది తెలియాలంటే ముందు దాన్ని దాని పద్ధతిలో వాడాలి కదా, నువ్వింకా మొదలే పెట్టలేదు.

నీ చేతిలో ఉన్న ఎం8 2006లో వచ్చింది. కోడక్ చేసిన సీసీడీ రకం సెన్సర్ (బొమ్మని పట్టే చిప్పు), 10.3 మెగాపిక్సెల్స్. లైకా ఎం వరసలో మొదటి డిజిటల్ అదే, డిజిటల్ రేంజ్‌ఫైండర్లలో (వేరే కిటికీలోంచి చూస్తూ రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే కెమెరాల్లో) మొదటిది మాత్రం 2004 నాటి ఎప్సన్ ఆర్‌డీ1. సెన్సర్ ఫిల్మ్ అంత పెద్దది కాదు, 27 బై 18 మిల్లీమీటర్లు, అందుకని 35 ఎంఎం లెన్స్ పెడితే 47 పెట్టినట్టు, 50 పెడితే 67 పెట్టినట్టు కనిపిస్తుంది. నీకు రెండూ వచ్చాయి కాబట్టి 50ని పక్కన పెట్టెయ్. కొన్నాళ్ళపాటు ఒక్క 35తోనే తిరుగు. ఆ లెన్స్ బిగించే పద్ధతి 1954లో ఎం3తో మొదలైంది, మన ప్రకాశం బ్యారేజీ పని మొదలైన ఏడాదే. అప్పటి లెన్సు కూడా చాలావరకు నీ కెమెరాకి ఎక్కుతుంది. ఒకవేళ బాడీని అమ్మినా లెన్సుల్ని అమ్మొద్దని నేననడానికి కారణం అదే.

ఇక ఫోకస్. అది ఎలా పనిచేస్తుందో నీకెవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు. నువ్వు కన్ను పెట్టే కిటికీకీ లెన్స్‌కీ సంబంధం లేదు. ముందువైపు రెండు కిటికీలుంటాయి, వాటిలోంచి వచ్చే రెండు బొమ్మలు నడిమధ్య చిన్న గడిలో ఒకదానిమీద ఒకటి పడతాయి, లెన్స్ రింగు తిప్పుతుంటే అందులో ఒకటి పక్కకి జరుగుతుంది, రెండూ కలిసిపోతే ఫోకస్ కుదిరినట్టు. మొహం మీద కలపబోతే తేలదు, కళ్ళజోడు అంచో, చొక్కా కాలరో, తలుపు చట్రమో, నిలువు గీత ఏదుంటే దాన్ని పట్టుకో. లెన్స్‌కి మూత పెట్టి ఉన్నా కిటికీలో అంతా శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఆ మూతని సొరుగులో పడేసి హుడ్ (లెన్స్ మీద పక్క వెలుతురు పడకుండా ఆపే గొట్టం) తగిలించు. ఇంకో సంగతి, నీ కెమెరాలో తెల్ల గీతల ఫ్రేమ్ దగ్గరి దూరానికి, అంటే 0.7 మీటరుకి సరిపోయేలా గీశారు. దూరంగా ఉన్నవాటిని తీస్తే గీతల బయట ఉన్నది కూడా ఫొటోలోకి వచ్చేస్తుంది. పక్కన నిలబడ్డవాడి భుజం ఫొటోలో పడుతోందని విసుక్కున్నావే, అది దీనివల్లే. దూరపు ఫొటోలకి గీతలు దాదాపు అవతలివాళ్ళని ఒరుసుకునేంత దగ్గరగా వెళ్ళి కొట్టు, సరిపోతుంది.

అయినా రోడ్డు మీద ప్రతిసారీ ఫోకస్ కలుపుతూ కూర్చుంటే ఫొటో వెళ్ళిపోతుంది. ఎపర్చర్ (లెన్స్ లోపల కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్ 8లో పెట్టు, దూరం 3 మీటర్ల దగ్గర పెట్టు, ఇక రింగు ముట్టుకోకు. నీ 35తో రెండు మీటర్ల నుంచి అయిదు మీటర్ల పైచిలుకు దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందో చూపడానికి లెన్స్ మీద చెక్కిన స్కేలు మాత్రం ఫిల్మ్ లెక్కన చెక్కింది, నీ సెన్సర్ చిన్నది కాబట్టి ఎఫ్ 8 పెట్టినప్పుడు ఎఫ్ 5.6 గీతల మధ్య ఉన్నదాన్నే నమ్ము. ఇలా సెట్ చేసుకుని సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచి చూడు. ఎదురొచ్చేవాళ్ళు గీతల బయట ఉండగానే నీకు కిటికీలో కనిపిస్తారు, గాజుల బండి వాడు బేరమాడుతున్న ఆవిడ వైపు ఎప్పుడు తల తిప్పుతాడో, సైకిల్ ఫ్రేమ్‌లోకి ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. చాలా ఫోన్ల తెరలో ఆ బయట ఏముందో కనపడదు. రేంజ్‌ఫైండర్‌లో అసలు మజా ఇదే నన్నడిగితే. మిగతా కబుర్లు, లైకా గుర్తయిన ఆ ఎర్ర చుక్క దర్జాతో సహా, నేను పెద్దగా లెక్కచేయను.

వెలుతురు కొలత గురించి జాగ్రత్త. షట్టర్ రేకుల మీద తెల్లగా రంగు వేసిన పట్టీ మీద పడిన కాంతిని కెమెరా కొలుస్తుంది, మధ్యలో ఏముందో దానికే ఎక్కువ విలువిస్తుంది. ఘాట్ దగ్గర కృష్ణ నీళ్ళు మెరుస్తూ మధ్యలో పడ్డాయంటే మనుషులు నల్లగా వస్తారు. వస్తే రానీ. ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే మోతాదు) 160లో తీసిన రా ఫైలులో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలులో, నీడల్ని తర్వాత పైకి లాగొచ్చు, తెల్లగా కాలిపోయిన చోటు మాత్రం ఎంత ఏడ్చినా తిరిగిరాదు. ఐఎస్‌ఓ 2500 దాకా ఉందని మురిసిపోకు, 640 దాటితే రంగుల్లో నేనైతే వాడను.

మీ ఊళ్ళో మిర్చి యార్డు పెట్టుకుని గుంటూరులో తీయడానికేమీ లేదంటావేంటి? సీజన్లో తెల్లవారగానే వెళ్ళు, లోపలికి అనుమతి అడిగి. లెన్స్ మాత్రం ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్ళు, ఆ దుమ్ములో బాడీ తెరిచావంటే సెన్సర్ మీద మిరప పొడి చల్లినట్టే. అక్కడ రాశులు పోసిన ఎరుపు ఈ కెమెరాకి పెద్ద పరీక్ష: చూడ్డానికి ఫొటో బాగానే ఉంటుంది, దగ్గరికి లాగి చూస్తే కాయకీ కాయకీ మధ్య తేడా పోయి ఒకటే ఎర్ర ముద్ద. అందుకని కొలిచినదానికన్నా మూడింట రెండొంతుల స్టాప్ తక్కువ పెట్టు (ఒక స్టాప్ తగ్గిస్తే కాంతి సగమవుతుంది), అప్పుడు కాయల మీద ముడతలు, తొడిమలు, టిక్కీ (మిర్చి బస్తా) కుట్టిన పురికొస కూడా నిలుస్తాయి. హమాలీలు టిక్కీ వీపు మీదకి ఎత్తుకునే క్షణానికి షట్టర్ సెకనుకి 500వ వంతు అయినా ఉండాలి. ఘాటుకి దగ్గొస్తుంది, చెయ్యి ఎలాగూ కదులుతుంది.

నలుపు ఊదా రంగులోకి మారుతోందని టెన్షన్ పడ్డావు కదా, కెమెరా పాడవలేదు. ఎం8 సెన్సర్ ముందున్న గాజు చాలా పలచన, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సరిగ్గా ఆపదు. సింథటిక్ నల్ల బట్ట ఆ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, అది ఊదాగా పడుతుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న స్వాముల్ని ఎండలో తీసి చూడు, నూలు పంచె నల్లగా, పాలిస్టర్ చొక్కా వంకాయ రంగులో, ఒకే మనిషి మీద రెండూ కనిపిస్తాయి. అప్పట్లో కొన్నవాళ్ళకి లైకావాళ్ళే ఆ కాంతిని ఆపే రెండు ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చారు. నీకు అమ్మినవాడు వాటిని ఇచ్చాడా లేదా అడుగు, ఇవ్వకపోతే యూవీ-ఐఆర్ కట్ అని స్పష్టంగా చెప్పి కొనుక్కో, ఉత్త యూవీ ఫిల్టర్ అంటగడతారు, దానివల్ల ఉపయోగం సున్నా. 28, అంతకన్నా వెడల్పు లెన్సులకి ఈ ఫిల్టర్‌తో మూలల్లో నీలిపచ్చ ఛాయ వస్తుంది గానీ 35కి పెద్దగా బాధ లేదు. రాత్రిపూట వీధి దీపాలు ఫ్రేమ్‌లో ఉంటే ఫిల్టర్ తీసెయ్, దీపాలకి నకళ్ళు పడతాయి. ఎల్ఈడీ వెలుగులో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు కాబట్టి ఈ రోజుల్లో పెళ్ళి మండపాల్లో ఫిల్టర్ లేకపోయినా నెట్టుకురావచ్చు.

అదే లోపాన్ని వాడుకోవచ్చు కూడా. ఇన్‌ఫ్రారెడ్ మాత్రమే లోపలికి వదిలే ముదురు ఫిల్టర్ పెట్టి ఎండలో అరటితోటల్ని తీస్తే ఆకులు మంచులా తెల్లగా, ఆకాశం నల్లగా వస్తాయి, స్టాండ్ లేకుండా చేత్తోనే తీయొచ్చు. కిటికీ వేరు కాబట్టి నీకు చూడ్డానికి ఇబ్బందీ ఉండదు. ఫోకస్ కొంచెం జరుగుతుంది, ఎఫ్ 8లో ఉంటే సర్దుకుంటుంది. కరకట్ట మీదుగా ఉండవల్లి వైపు ఒక మధ్యాహ్నం వెళ్ళిరా, నీకే తెలుస్తుంది.

ఇక ఆరోగ్య పరీక్ష, అమ్మినా ఉంచినా ఇది చేయక తప్పదు. దుర్గా ఘాట్ దగ్గర నిలబడి బ్యారేజీ అవతలి చివరన ఉన్న దీప స్తంభాన్ని చూడు, లెన్స్ ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు దగ్గర ఆగినప్పుడు రెండు బొమ్మలూ సరిగ్గా కలవాలి. కలవకపోతే రేంజ్‌ఫైండర్ సర్దించుకోవాలి, అది తెలిసినవాళ్ళే చేయాలి, స్క్రూడ్రైవర్ పట్టుకుని నువ్వు మొదలుపెట్టకు. ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని తీసి మచ్చలు, నిలువు గీతలు ఉన్నాయేమో చూడు. వెనక తెర మీద కాఫీ ఒలికినట్టు గోధుమ రంగు మరక మొదలైందా? ఎం8లకి వచ్చే జబ్బే అది, కొత్త తెర మార్పించుకునే దారి లేదు. మరక ఉన్నా ఫొటోలకేం కాదు, ధరకి మాత్రం అవుతుంది. అడుగు పళ్ళెం తీసి బ్యాటరీ దగ్గర పచ్చగా తుప్పు లేదని చూసుకో. కార్డు 32 జీబీ మించనిది, అదీ ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) 2 గానీ ఆ తర్వాతది గానీ ఉంటేనే.

ఎం9కి మారితే ఎలా ఉంటుందని అడిగావు. 2009ది, 18 మెగాపిక్సెల్స్, పూర్తి ఫ్రేము (ఫిల్మ్ అంత సెన్సర్), ఈ ఊదా గోల దాదాపు లేదు, బ్యాటరీ కూడా నీదే పడుతుంది. అయినా వద్దంటాను. దాని సెన్సర్ మీది గాజు తేమకి తుప్పులాగా పొక్కిపోతుంది. కొన్నేళ్ళు కంపెనీవాళ్ళు ఉచితంగా మార్చారు, ఇప్పుడు ఆ సౌకర్యం లేదు. మన వైపు గాలి ఎలాంటిదో తెలుసుగా, ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి నీరు కారుతుంది. సెన్సర్ కొత్త రకంతో మార్చినట్టు కాగితం చూపిస్తేనే ఎం9 వైపు చూడు, లేదా ఉన్నదానితో ఉండు. నీ ఎం8కి ఆ జబ్బు లేదు గానీ లెన్స్‌కి ఫంగస్ భయం ఉంది, తోలు సంచిలో పెట్టి బీరువాలో పడెయ్యకు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టు, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుట్లో సన్నసెగ మీద వేయించి మళ్ళీ వెయ్, వంటకి వాడే మూకుడు తీశావంటే మీ ఆవిడ చేత నాకూ చీవాట్లు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఆ ఎండలో కారులో వదిలేస్తే లోపలి జిగురు, నూనె ఏమవుతాయో ఆలోచించుకో.

ఇప్పుడు లెక్క. తొందరపడి అమ్మాల్సిన అవసరం లేదు, ధర పడాల్సింది చాలావరకు ఎప్పుడో పడింది. ఈ మిర్చి సీజన్ దాటేదాకా వాడు. ఎలాగూ మంచివీ చెడ్డవీ అన్నీ దాచుకుంటావు, వాటిలోంచి ఇంట్లో గోడకి తగిలించాలనిపించినవి కొన్ని గవర్నర్‌పేటలో పెద్ద ప్రింట్లు వేయించు, తెర మీద చూస్తే ఏదీ తేలదు. అవి నువ్వు ఫోన్‌తో తీసినవాటితో కలిపి మీ ఆవిడ ముందు పరుచు, ఏది దేనితో తీశావో చెప్పకు. తను ఏరినవాటిలో ఎం8వి లేకపోయినా ఫరవాలేదు, నీకు తీస్తుంటే సరదాగా ఉందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. రెండూ లేవంటే ఉంచుకోకు. దాన్ని పూజగదిలో పెట్టి తుడుస్తూ కూర్చునే రకం మనుషుల్ని నేను చాలామందిని చూశాను, ఆ డబ్బుతో మంచి లెన్స్ వచ్చేది. తెర పూర్తిగా పోయినా, షట్టర్ ఆగిపోయినా మరమ్మతుకి కెమెరా విలువకి దగ్గరగా ఖర్చుపెట్టకు, విదేశానికి పంపితే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ తలనొప్పి వేరే.

అమ్మాలని తేలితే బాడీ, ఛార్జరు, బ్యాటరీలు, ఆ రెండు ఫిల్టర్లు కలిపి ఒక్కడికే అమ్ము, విడివిడిగా అమ్మితే ఫిల్టర్లు ముందు పోతాయి, కెమెరా నీ దగ్గర మిగులుతుంది. తెర మీద మరక ఉంటే దాని ఫొటో ముందే పంపు. కొరియర్‌లో పంపడం వద్దు, హైదరాబాద్ నుంచైనా సరే కొనేవాణ్ణి రమ్మను, వాడి కార్డు పెట్టి వాడిచేతే ఎండలో ఒక నల్ల గొడుగుని ఫిల్టర్‌తోనూ ఫిల్టర్ లేకుండానూ తీయించు, రెండూ వాడి లాప్‌టాప్‌లో చూశాకే డబ్బు తీసుకో.

మామయ్య