50 శాతమా, ప్యూర్ ఆక్సిజనా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ, గవర్నర్‌పేట. అండమాన్‌లో డైవింగ్ మొదలుపెట్టి నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) దాకా నేర్చుకున్నాను, ఇప్పుడు టెక్నికల్ కోర్సులో ఉన్నాను. వచ్చే నెల 45 మీటర్ల డైవ్ ఉంది. డెకో కోసం ఒక్క సిలిండరే తీసుకెళ్లాలి. తోటివాళ్లు ప్యూర్ ఆక్సిజన్ పట్టుకెళ్లు, త్వరగా అయిపోతుందంటున్నారు. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం 50 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇన్‌స్ట్రక్టర్ మాటే వినండి.

డెకో, అంటే డీకంప్రెషన్, తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్తాను. లోతుకి వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. గబగబా పైకొచ్చేస్తే అది బుడగలు కట్టి కీళ్లనో వెన్నుపామునో దెబ్బతీస్తుంది, అందుకే మధ్యలో ఆగుతూ ఆగుతూ రావాలి. అలా ఆగినప్పుడు ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్ పీలిస్తే నైట్రోజన్ త్వరగా వదులుతుంది.

మీ తోటివాళ్లు చెప్పింది అబద్ధం కాదు, 6 మీటర్ల దగ్గర ప్యూర్ ఆక్సిజన్‌ని మించింది లేదు. కానీ 6 మీటర్ల దాకా వచ్చేవరకు ఆ సిలిండర్ మీకు పనికిరాదు. పీల్చే గ్యాస్‌లో ఆక్సిజన్ వాటా పీడనం 1.6 బార్ దాటకూడదన్నది డెకోలో అందరూ పాటించే హద్దు. ప్యూర్ ఆక్సిజన్‌కి ఆ హద్దు సముద్రంలో సరిగ్గా 6 మీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. 50 శాతం అయితే 21 మీటర్ల దగ్గరే అందుకోవచ్చు, అక్కడ పీడనం 1.55. అంటే లోతు స్టాపుల నుంచే నైట్రోజన్ తగ్గడం మొదలవుతుంది. ఇంకో మాట, 6 మీటర్ల దగ్గర 50 శాతం పీలుస్తుంటే మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే నైట్రోజన్ పీడనం 0.8. బెంజ్ సర్కిల్‌లో నిలబడి గాలి పీల్చినా దాదాపు అంతే.

నన్ను భయపెట్టేది మాత్రం వేరే. నేను కోర్సు చేసేటప్పుడు తాడు పట్టుకుని 6 మీటర్ల దగ్గర ఆగాను, పైన అలలు లేచాయి, పడవతో పాటు తాడూ ఊగుతోంది, చేతికున్న కంప్యూటర్‌లో అంకె 5 అవుతుంది, చూస్తుండగానే 7.5 అవుతుంది. ఆ రోజు నా దగ్గరున్నది 50 శాతం కాబట్టి ఏమీ కాలేదు. ప్యూర్ ఆక్సిజన్ అయితే 7.5 దగ్గర పీడనం 1.75. ఆ స్థాయిలో ముందస్తు హెచ్చరిక ఏమీ లేకుండానే ఫిట్స్ రావచ్చు, నోట్లోంచి రెగ్యులేటర్ జారితే నీళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. అలల్లో కూడా 6 మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలిగాక, రెండో సిలిండర్‌గా ఆక్సిజన్ పెట్టుకోండి. ఈ ఒక్క డైవ్‌లో కలిసొచ్చే నాలుగు నిమిషాల కోసం వద్దు.

ఏ మిక్స్ అన్నదాని కంటే ముఖ్యం, నీళ్లలో ఒక గ్యాస్ నుంచి ఇంకో గ్యాస్‌కి మార్చే పద్ధతి. నింపించిన ప్రతిసారీ మీ చేత్తో మీరే ఎనలైజర్ పెట్టి ఆక్సిజన్ శాతం చూసుకోండి, సిలిండర్ మీద దాన్ని పీల్చదగ్గ గరిష్ఠ లోతు, అంటే '21' అని పెద్ద అంకెలతో రాయండి. నీళ్లలో మార్చేముందు లోతు చూసుకుని, మీ బడ్డీకి (జతగా దిగే డైవర్‌కి) ఆ అంకె చూపించి, గొట్టం ఆ సిలిండర్ నుంచే వచ్చిందని ఆయన ఒప్పుకున్నాకే నోట్లో పెట్టుకోండి. లోతులో తప్పు గ్యాస్ పీల్చి చనిపోయినవాళ్లున్నారు. ఆ డెకో సిలిండర్ పోయినా, వీపు మీదున్న గ్యాస్‌తో పైకి రాగలిగేలా లెక్క వేసుకోండి.

40 శాతం దాటిన గ్యాస్‌కి సిలిండర్, వాల్వ్, రెగ్యులేటర్ అన్నీ ఆక్సిజన్ కోసం ప్రత్యేకంగా శుభ్రం చేయించాలి. మన ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ చేసే ఏ మేస్త్రీనైనా అడగండి, ఆక్సిజన్ వాల్వ్‌ని గ్రీజు చేత్తో ముట్టుకోనివ్వరు, మంట అంటుకుంటుందని వాళ్లకి తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి డైవే చేసి, అదే రోజు సాయంత్రం ఫ్లైట్ ఎక్కి గన్నవరం వస్తానంటున్నాడు. పర్వాలేదా? - ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు.

జవాబు: వద్దమ్మా. విమానంలో గాలి ఒత్తిడి నేల మీదకంటే తక్కువ, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టవచ్చు. డెకో డైవ్ తర్వాత కనీసం 24 గంటలు ఆగాలి. మర్నాడు రాత్రికి టికెట్ మార్చుకోమనండి. కీళ్ల నొప్పో తిమ్మిరో ఉందంటే మాత్రం ఫ్లైట్ సంగతి పక్కనపెట్టి, అక్కడే డాక్టర్‌కి చూపించుకోమనండి, డైవ్ చేశానని ముందే చెప్పమనండి.