మానిటర్ మాటిమాటికీ ‘నో సిగ్నల్’ అంటోందా? కొత్తది కొనే ముందు ఒక వారం టైము రాయండి

కడప నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు. ఇంట్లోనే డేటా ఎంట్రీ పని చేసుకుంటున్నారట. రోజుకు ఐదారుసార్లు మానిటర్ ఉన్నట్టుండి నల్లబడి ‘నో సిగ్నల్’ అంటుంది, మూడు నాలుగు సెకన్లకు దానంతటదే వస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చారు, తగ్గలేదు. షాపులో చూపిస్తే కొత్త మానిటర్ తీసుకోమన్నారు. తీసుకోవాలా అని ప్రశ్న.

ఇప్పుడే తీసుకోవద్దు చెల్లెమ్మా. నాది అనంతపురం. కమలానగర్‌లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. రెండేళ్ల కిందట ఎండాకాలంలో నాకూ అచ్చం ఇదే వచ్చింది. కారణం దొరకడానికి రెండు నెలలు పట్టింది, 9 వేల రూపాయలు వృథాగా పోయాయి. మీకు ఆ ఖర్చు తప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

‘నో సిగ్నల్’ అనే అక్షరాలు కంప్యూటర్ పంపేవి కావు, మానిటర్ సొంతంగా చూపించేవి. అంటే ఆ క్షణంలో మానిటర్‌కు కరెంటు అందుతోంది, తెర వెలుగుతోంది, లోపలి బోర్డు పని చేస్తోంది. దానికి రావలసింది రాలేదు, అంతే. మానిటరే పాడైతే చాలావరకు వేరే గుర్తులుంటాయి. పవర్ లైటు కూడా ఆరిపోతుంది, లేదా మిణుకుమిణుకుమంటూ పొద్దున ఆన్ చేసిన పది నిమిషాలకు గానీ తెర రాదు. అట్లాంటిది విప్పితే తరచుగా పవర్ బోర్డు మీద కెపాసిటర్లనే చిన్న డబ్బాల తల ఉబ్బి కనిపిస్తుంది. ఇంకో రకం ఉంది. తెర నల్లగా ఉంటుంది గానీ సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే బొమ్మ మసకగా కనిపిస్తుంది. అది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక ఉండే లైటు పోవడం. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఈ రెండూ కాదు.

తెర పోగానే కంగారుపడి సీపీయూ పవర్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. నేను అట్ల చేసి ఒక సాయంత్రం పని మొత్తం పోగొట్టుకున్నాను. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో 16 పేజీల పుస్తకం, మధ్యాహ్నం నుంచి చేసిన ప్రూఫు దిద్దుబాట్లన్నీ పోయాయి. తెర పోయినా కంప్యూటర్ లోపల నడుస్తూనే ఉంటుంది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడండి, లైటు వెలిగి ఆరుతుంటే అది బతికే ఉన్నట్టు. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే కళ్లు మూసుకున్నా సేవ్ అవుతుంది.

నా షాపులో ఏప్రిల్ మొదట్లో మొదలైంది. మొదటి అనుమానం ఎవరికైనా కేబుల్ మీదే కదా, 400 పెట్టి మంచిది తెచ్చాను. రెండు రోజులు ఒక్కసారి కూడా పోలేదు. కేబులే అని నమ్మేశాను. మూడో రోజు మళ్లీ మొదలు. తెలిసిన మెకానిక్ వచ్చి ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బయటికి తీసి, బంగారు పూత ఉన్న కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బ్లోయర్‌తో ఎర్రదుమ్ము అంతా ఊది మళ్లీ బిగించాడు. దానికి 600. తగ్గలేదు. “కార్డు పోయింటాదన్నా” అన్నాడు. 4,500 పెట్టి కార్డు మార్చాను. తగ్గలేదు. ఇక మిగిలింది మానిటరే కదా అని 3,500కు సెకండ్ హ్యాండ్ మానిటర్ తెచ్చాను. అది పెట్టిన గంటన్నరకే అదీ ‘నో సిగ్నల్’ అంది. ఆ పూట షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను. పెళ్లిళ్ల సీజను, కార్డులకు జనం వస్తున్నారు, నేనేమో కస్టమరు ఎదుటే తెర ఎప్పుడు పోతుందోనని భయపడుతూ పని చేస్తున్నాను.

దారి చూపించింది మా ఆవిడ. “బాకీలు రాసుకునే బుక్కులోనే ఇది ఎప్పుడెప్పుడు పోతాందో కూడా రాయండి, ఒక వారం చూస్తే తెలుస్తాది గదా” అంది. రాశాను. పోయిన టైము, అప్పుడు నేను చేస్తున్న పని, ఫ్యాను, జిరాక్స్ మిషను నడుస్తున్నాయా లేదా, ఇవే. ఏడు రోజుల్లో 31 సార్లు పోయింది. పొద్దున 9 నుంచి 12 లోపల ఎక్కువ, సాయంత్రం 5 తర్వాత మళ్లీ ఎక్కువ, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా వారం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. నేను ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానన్నదానితో సంబంధమే లేదు. గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి పోతుంటే మిట్టమధ్యాహ్నం పోవాలి కదా? ఆ టైములోనే పోవడం లేదు.

ఎనిమిదో రోజు టైము రాస్తుంటే గోడ అవతల నుంచి ‘టప్’ మని శబ్దం వినిపించింది, వెంటనే మోటరు గుయ్ మంది. మా పక్క షాపు మినరల్ వాటర్ ప్లాంటు. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, అందుకే క్యాన్ల నీళ్లకు అంత గిరాకీ. పొద్దున, సాయంత్రం క్యాన్లు నింపుతారు, మధ్యాహ్నం ఆపేస్తారు. నా పుస్తకంలో ఉన్న టైములు అవే. వెళ్లి అక్కడి పిల్లవాణ్ని “తమ్ముడూ, మోటరు ఒక్కసారి ఆపి మళ్లీ వెయ్యి” అని అడిగాను. మా ఆవిడ మానిటర్ ముందు నిలబడింది. ఐదుసార్లు వేస్తే మూడుసార్లు తెర పోయింది. కొత్త కేబుల్ పెట్టిన ఆ రెండు రోజులు ఎందుకు బాగుందో కూడా అక్కడే తెలిసింది. ప్లాంటులో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మారుస్తూ మోటరు ఆపేశారట.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. పెద్దాయన. కంప్యూటర్ వైపు కూడా చూడలేదు, నేరుగా గోడ సాకెట్ దగ్గరికి పోయి టెస్ట్ బల్బు పెట్టాడు. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకు, ఎర్తుకు మధ్య పెడితే లోపలి తీగ ఎర్రబడింది, అంతే. “ఈడ ఎర్తు లేదు సామీ, మూడో బొక్క ఉత్తదే” అన్నాడు. బిల్డింగు వెనక ఎర్తు గుంత ఉంది. అట్టముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు నిండిపోయి, జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) మట్టి దగ్గర తుప్పు పట్టి పోగు అంత మిగిలింది. మట్టి ఎండి బూడిదలా ఉంది. మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. బొగ్గు, ఉప్పు వేసిన పాతకాలం ఎర్తుకు తడి ఉంటేనే ప్రాణం. తడి లేని మట్టిలోంచి కరెంటు సరిగా పారదు. ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోయాలని మా నాయన కాలంలో అందరికీ తెలుసు, ఇప్పుడు బిల్డింగులో గుంత యాడుందో కూడా తెలియదు.

దానికీ మానిటర్‌కూ సంబంధం ఏమిటంటారా? హెచ్‌డీఎంఐ కేబుల్లో 19 పిన్నులుంటాయి. చివరి పిన్ను పని ఒక్కటే, అవతల మానిటర్ ఉందని కంప్యూటర్‌కు చెబుతూ ఉండటం. దాని మీద వోల్టేజీ కాసేపు తడబడితే చాలు, మానిటర్ పీకేశారని కంప్యూటర్ అనుకుంటుంది. తర్వాత మళ్లీ నువ్వెవరు, నీ సైజెంత అని మొదటి నుంచి అడిగి బొమ్మ పంపుతుంది. ఆ మూడు నాలుగు సెకన్లు అవే. ఇక సీపీయూ పవర్ సప్లైలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఇనుప బాడీకి కలిపి ఉంటాయి, కరెంటులోని చెత్త అంతా ఎర్తులోకి పోవడానికి. ఎర్తు లేకపోతే అది పోయేదెక్కడికి? బాడీ 230లో సగం, 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. ఆ కరెంటు చాలా స్వల్పం కాబట్టి చేతికి జివ్వుమని మాత్రం అనిపిస్తుంది. ఆ ఎండాకాలమంతా చెప్పులు లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే నాకు జివ్వుమనేది. దాన్ని పట్టించుకోకపోవడమే నా పెద్ద తప్పు.

మా బిల్డింగులోని మూడు షాపుల ఎర్తు తీగలూ అదే గుంతకు కలిపి ఉన్నాయి. గుంత చచ్చిపోయాక ఆ తీగ వాటర్ ప్లాంటు మోటరు బాడీని నా కంప్యూటర్ బాడీకి కలిపే తీగగా మారింది. స్టార్టరు పడ్డప్పుడల్లా పుట్టే దెబ్బ భూమిలోకి పోవాల్సింది నా కేబుల్లోకి వచ్చింది. మానిటర్ సంగతి అటుంచండి. ఆ మోటరు వైండింగు ఎప్పుడైనా కాలి బాడీకి తగిలి ఉంటే, నా క్యాబినెట్‌కు నిండు కరెంటు వచ్చేది. మా పాప రోజూ సాయంత్రం ఆ టేబుల్ కిందే ఆడుకునేది. ఆ మాట పెద్దాయన చెప్పినప్పుడు నాకు కాళ్లు వణికాయి.

ఆ రోజుకు నాలుగు బక్కెట్ల నీళ్లు పోశాము, తీగ కొత్తది కట్టాడు. అప్పటికే సగానికి సగం తగ్గింది. మరుసటి వారం రాగి పూత రాడ్డు, తడిని పట్టి ఉంచే పొడి వేసి కొత్త గుంత తీయించాము, మూడు షాపుల వాళ్లం పంచుకున్నాము. కంప్యూటర్‌ను జిరాక్స్ మిషనుతో కలిపి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసి వేరే సాకెట్‌కు మార్చాను. ఆ తర్వాత ఇప్పటిదాకా పోలేదు.

మీది కూడా ఎర్తే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. అందుకే ముందు పుస్తకం పెట్టండి. పోయిన ప్రతిసారీ టైముతో పాటు ఇంట్లో అప్పుడే ఏది ఆన్ అయింది, ఏది ఆగింది రాయండి. ఫ్రిజ్, కూలరు, మిక్సీ, బోరు మోటరు, పక్కింటి వాళ్ల మోటరు కూడా. మీరు కూర్చునే కుర్చీ గ్యాసు సిలిండరుతో పైకీ కిందికీ జరిగేదైతే, లేచినప్పుడు, కూర్చున్నప్పుడు పోతోందా గమనించండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం, ఆ కుర్చీల్లో పుట్టే స్టాటిక్ దెబ్బకు పక్కనున్న డిస్‌ప్లే కేబుల్ సిగ్నల్ పోవచ్చు.

మోటర్లతో కలిస్తే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు చూపించండి. టెస్ట్ బల్బు మీరు పెట్టొద్దు. కొందరు పని తేలికవుతుందని సాకెట్‌లోనే ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు, దానికి మాత్రం ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే మీ క్యాబినెట్, ఫ్రిజ్ అన్నిటి బాడీలకూ కరెంటు వచ్చేస్తుంది.

టేబుల్ కదిలినప్పుడు, కేబుల్ తగిలినప్పుడు పోతుంటే సాకెట్ వదులైనట్టు. పాతకాలం వీజీఏ కేబుల్‌కు రెండు స్క్రూలుండేవి, హెచ్‌డీఎంఐకి అవి లేవు, కేబుల్ బరువుకే జారుతుంది. వెనక ఒక దారంతో స్టాండుకు కట్టండి. వీడియో చూస్తున్నప్పుడే పోతుంటే గ్రాఫిక్స్ డ్రైవరును, అంటే ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో ఆ టైముకు 4101 నంబరు ఉందేమో చూడండి, ఉంటే డ్రైవరు ఆగి మళ్లీ లేచిందని అర్థం. డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందనే లెక్క) 75 ఉంటే 60కి తగ్గించి ఒక రోజు చూడండి, నాసిరకం కేబుల్ ఉన్నచోట దాంతోనే సరిపోవచ్చు. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ‘ఆటో’ మీద ఉంటే హెచ్‌డీఎంఐ మీద నిలపండి. వీటిలో దేనికీ రూపాయి ఖర్చు లేదు.

మీ సీపీయూకూ మానిటర్‌కూ మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టరు ఉందో లేదో మీరు చెప్పలేదు. ఉంటే అన్నిటికన్నా ముందు దాన్నే చూడండి. అది హెచ్‌డీఎంఐ సాకెట్ ఇచ్చే 5 వోల్టుల మీదే బతుకుతుంది, ఆ పిన్ను తప్పనిసరిగా ఇవ్వాల్సిన కరెంటు 55 మిల్లీయాంపులే. కడప మే నెల ఎండకు మూసిన గదిలో అది కాలిపోతుంటుంది. తెర పోయిన వెంటనే వేలితో ముట్టుకోండి. వేలు పెట్టలేనంత వేడి ఉంటే, షాపులో తెలిసినవాళ్ల దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చి రెండు రోజులు పెట్టి చూడండి, ఆ రెండు రోజుల టైములు కూడా అదే పుస్తకంలో రాయండి.