అల్లుడికి, ఆ రెండు సీట్ల బండి విషయంలో

చిన్నా,

నువ్వు కొందామనుకుంటున్న ఆ పాత స్పోర్ట్స్ కారువి, నువ్వు పంపిన పదకొండు ఫొటోలూ చూశాను. తొమ్మిది బండి పైనుంచి తీసినవి, ఒకటి స్టీరింగు, ఇంకొకటి సాయంత్రం ఎండలో చెరువు పక్కన. కింద నుంచి తీసింది ఒక్కటీ లేదు. అమ్మేవాడికి ఫొటోలు తీయడం బాగా వచ్చు. ప్రస్తుతానికి అంతవరకే చెప్పగలను.

కొనొద్దని చెప్పడానికి రాయడం లేదు. పాతికేళ్లు డెట్రాయిట్ పక్కన బండ్ల మధ్య బతికినవాణ్ణి, నాకే ఆ పిచ్చి తగ్గలేదు, నీకు తగ్గమని ఎలా చెప్తాను? పైగా నువ్వు మీ నాన్న మారుతీ 800 మీద క్లచ్ తొక్కడం నేర్చుకున్నవాడివి. ఇక్కడ పుట్టి పెరిగిన నీ ఈడు పిల్లల్లో చాలామందికి ఆ విద్య రాదు. కాబట్టి గేర్ బండి కొను. కాకపోతే పది వేల డాలర్లు ఉన్నాయి కదా అని పది వేల బండి చూడకు. ఏడు వేలది చూడు. మిగతా మూడు వేలు బండి కోసమే, కానీ బండిని ఇంటికి తెచ్చాక. టైర్లు, బెల్టు, బ్యాటరీ, బ్రేకులు మొదటి ఆరు నెలల్లో ఆ డబ్బు అడుగుతాయి, నువ్వు పెట్టకపోతే అవే లాక్కుంటాయి.

ఇప్పుడు ఏ బండి అన్న సంగతి. నువ్వు మూడు పేర్లు రాశావు: పోర్షే బాక్స్‌టర్, మాజ్డా ఆర్ఎక్స్-8, మాజ్డా మియాటా. మొదటి రెండూ పక్కన పెట్టు. నీ డబ్బుకి పోర్షేలలో ఎవరూ పట్టించుకోనిది దొరుకుతుంది, మియాటాల్లో ఎవరో ముద్దుగా చూసుకున్నది దొరుకుతుంది. పాత బాక్స్‌టర్ ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటుంటుంది. 2000 తర్వాత వచ్చిన బండ్లలో అది ఒంటి వరస బేరింగు. అది పోయిందంటే ఇంజినే పోయినట్టు. మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి, అందుకే తెలిసినవాళ్లు క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్పిస్తారు. ఆ పని జరిగినట్టు బిల్లు లేని బాక్స్‌టర్ ఎంత చవగ్గా వచ్చినా అది చవక కాదు. ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజినుది. పిస్టన్లు ఉండవు, రోటర్ల కొనలకు సీళ్లు ఉంటాయి, అవి అరిగితే కంప్రెషన్, అంటే ఇంజిను లోపలి ఒత్తిడి, పడిపోతుంది. ఆయిల్ తాగడం దాని స్వభావం, ప్రతి రెండు మూడు ట్యాంకులకీ ఆయిల్ కొలత చూసుకోవాలి. మామూలు కంప్రెషన్ మీటరు పెట్టి దాని ఆరోగ్యం సరిగ్గా చెప్పలేం, దానికి వేరే మీటరు కావాలి. నడపడానికి చాలా సరదాగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఇంకొకరి బండి అయితే ఇంకా సరదాగా ఉంటుంది.

మియాటా 1989లో వచ్చింది. వెయ్యి కిలోలకి కాస్త అటూఇటూ బరువు, వెనక చక్రాలు లాగే బండి. మొదటి వాటిలో 1.6 లీటర్ ఇంజిను, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్. 1999లో లేచే హెడ్‌లైట్లు పోయాయి, వాటితో పాటు వెనక ప్లాస్టిక్ అద్దం పోయి గాజు అద్దం వచ్చింది. నాకు లేచే లైట్లే ఇష్టం, నీకు మాత్రం 1999 నుంచి 2005 మధ్యవి చూడమని చెప్తాను. 1990, 91 మోడళ్లు చూడాల్సి వస్తే ముందు క్రాంక్ పుల్లీకి, అంటే ఇంజిను ముందు బెల్టులు తిప్పే చక్రానికి, ఎన్ని గాట్లున్నాయో చూడు. నాలుగుంటే క్రాంక్ ముందు కొస పొట్టిది, అక్కడే వదులై ఇబ్బంది పెట్టిన రకం. ఎనిమిదుంటే తర్వాత సరిచేసినది.

మా తాతయ్య ఎద్దుని కొనడానికి సంతకి వెళ్తే నన్ను వెంట తీసుకెళ్లేవాడు. పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించమనేవాడు. అన్నిటికంటే ఎక్కువ సేపు చూసింది మాత్రం తోలుకొచ్చిన మనిషిని. పలుపు ఎలా పట్టుకున్నాడు, పక్కన నిలబడితే ఎద్దు బెదురుతోందా లేదా. నువ్వూ ముందు మనిషిని చూడు. బిల్లులు అడుగు. ఫైలు తెచ్చి టేబుల్ మీద పెట్టి, "2016లో టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ మార్పించాను" అని కాగితం తీసి చూపించే పెద్దాయన దొరికితే రంగు నచ్చకపోయినా ఆ బండి తీసుకో. "మా ఫ్రెండ్ చేశాడు, బిల్లు లేదు" అంటే చేయలేదనే లెక్క వేసుకో. అరవై వేల మైళ్లకోసారి ఆ బెల్ట్ మార్చాలి. మైళ్లు తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే రబ్బరు రబ్బరే.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇలాంటిదే ఒక రెండు సీట్ల బండి కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులే. పైన పెయింట్ అద్దంలా మెరిసింది. తలుపు తెరవగానే తడి గోనెసంచి వాసన వచ్చింది. బయట వాన, అందుకేలే అనుకున్నాను. మొదటి చలికాలం అయ్యాక సీటు వెనక కార్పెట్ ఎత్తితే కింద రేకు వేలితో నొక్కగానే అప్పడంలా విరిగింది. గుడ్డ టాపు అంచుల్లో వాన నీళ్లు పోవడానికి గొట్టాలుంటాయి, అవి ఆకులతో మూసుకుపోయి నీళ్లన్నీ లోపలికి దిగాయి. ఆరు నెలల జీతంలో మిగుల్చుకున్నదంతా వెల్డింగుకి పోసి, చివరికి తుక్కు ధరకి ఇచ్చేశాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ వాసన గురించి మాట్లాడుతుంది.

అందుకని వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా పట్టుకెళ్లు. మియాటాలో సీటు బెల్టుల వెనక, టాపు మడత పడే మూలల్లో ఆ కంతలుంటాయి. అమ్మేవాణ్ణి అడిగి, ఒక్కో మూలలో కొంచెం కొంచెంగా నీళ్లు పొయ్యి. వెనక చక్రాల ముందు కింద నుంచి ధారగా కారితే మంచిది. కారకపోతే తలుపు కింది పట్టీ చివర, వెనక చక్రం దగ్గర, మోకాళ్ల మీద కూర్చుని చూడు. పెయింట్ బుడగల్లా ఉబ్బిందా? లోపల తుప్పు మొదలై బయటికి వచ్చిందన్నమాట. ఒక చిన్న అయస్కాంతం కూడా పట్టుకెళ్లు. బానెట్‌కి అంటుకోదు, కంగారుపడకు, మియాటా బానెట్ అల్యూమినియం. తలుపులకీ వెనక రెక్కలకీ మాత్రం అంటుకోవాలి. అక్కడ జారిపోతే కింద ఉన్నది రేకు కాదు, లప్పం.

డల్లాస్‌లో మా మిషిగన్‌లోలా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లి బండ్లని తుప్పు పట్టించే బాధ లేదు, నీ అదృష్టం. మీకు వడగళ్లు ఉన్నాయి. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో బానెట్ మీద పక్క నుంచి చూడు, గుంటలు తెలుస్తాయి. హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన బండి అయితే సీటు బెల్ట్ చివరిదాకా లాగి చూడు. 2017లో హార్వీ వరదలో మునిగిన బండ్లు ఎన్నో ఉన్నాయి. కడిగి ఆరబెట్టినా బెల్ట్ లోపలి భాగంలో బురద గీత, సీటు పట్టాల కింద తుప్పు మిగిలిపోతాయి.

చూడటానికి వస్తున్నానని చెప్పేటప్పుడే, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే, చల్లటి ఇంజిను చేసే చప్పుడు నిన్ను విననివ్వలేదని అర్థం. లేచే లైట్ల పాత మియాటా అయితే, స్టార్ట్ అయ్యాక టకటకమని సన్నగా కొట్టుకుంటే భయం లేదు. వాల్వులని కదిపే లిఫ్టర్ల చప్పుడు అది, వేడెక్కాక తగ్గిపోవాలి. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు లోతుగా వస్తే, దండం పెట్టి వచ్చేయ్. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఇంజిను ఎంత తిరుగుతోందో చూపే మీటరు ముల్లు పైకి లేచి బండి వేగం మాత్రం అక్కడే ఉంటే క్లచ్ అయిపోయింది. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు గరగరమంటే బేరంలో ఆ మాట ఎత్తు.

1996 నుంచి ఇక్కడ అమ్మిన ఏ బండికైనా స్టీరింగ్ కింద ప్లగ్గు ఉంటుంది. దానికి పెట్టి ఇంజిను లోపాలు చదివే చిన్న రీడర్ ఒకటి కొనుక్కో, ఎక్కువ ఖర్చు కాదు. చెక్ ఇంజిన్ లైటు వెలగట్లేదని మురిసిపోకు. పొద్దున చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే రీడర్‌లో మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు, ఇంకా సిద్ధం కాలేదని చూపిస్తుంది, దొంగతనం అక్కడ దొరుకుతుంది. టైర్ల మీద డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2316 అంటే 2016లో 23వ వారం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా సరే, అవి మార్చాల్సిన టైర్లే.

ఇవన్నీ నచ్చాక కూడా చెయ్యి కలపకు. నువ్వే డబ్బిచ్చి, అమ్మేవాడికి తెలియని మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదికి ఎక్కించి చూపించు. ఒప్పుకోకపోతే కారణం అడగకుండానే వచ్చేయ్. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు. నీకు ఆ బాధ లేదు, మెకానిక్ ఇచ్చిన కాగితమే నీ తువ్వాలు. అందులో రాసినవాటి ఖర్చు కూడి, ఆ మొత్తం తగ్గించమని అడుగు, గొంతు పెంచకుండా.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద పేరూ, అమ్మేవాడి లైసెన్స్ మీద పేరూ ఒకటే ఉండాలి. సాల్వేజ్ అని గానీ రీబిల్ట్ అని గానీ ఉంటే, అంటే బాగా దెబ్బతిన్నదో, అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసిందో అయితే, మాట్లాడకు. టెక్సస్‌లో టైటిల్ మార్చుకోవడానికి 130-యు ఫారం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. కుదిరితే ఇద్దరూ కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే ముగించండి. టాక్స్ 6.25 శాతం, అంటే ఏడు వేలకి 437 డాలర్ల చిల్లర. "ధర తక్కువ రాద్దాం, నీకే లాభం" అంటాడు. వీసా మీద ఉన్నవాడివి, వంద డాలర్ల కోసం ప్రభుత్వ కాగితం మీద అబద్ధం రాయకు. ఇన్సూరెన్స్ వాళ్లకి విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఎంతవుతుందో బేరానికి ముందే కనుక్కో, నీ వయసుకి ఆ అంకె చూసి కళ్లు తిరుగుతాయి.

ఇప్పుడు నడుపుతున్న కరోలా అమ్మేస్తానన్నావు. వద్దు. దాని పేరు మీద వచ్చే మూడు వేలు నీకు ఎక్కడా అక్కరకు రావు. పాత బండి మంగళవారం పొద్దున మొండికేస్తే ఆఫీసుకి వెళ్లేది ఎలా? ఇంకో బండి ఉందంటే శనివారం దాకా ఆగి, తాపీగా చొక్కా మార్చుకుని, నీ చేత్తో నువ్వే విప్పి చూసుకోవచ్చు. లేదంటే ఎంతడిగితే అంత ఇచ్చి ఎవరికో ఒకరికి చూపిస్తావు.

శనివారం వెళ్తున్నావు కదా, మీ టైము పదింటికి ఫోన్ నా పక్కనే ఉంటుంది. స్టార్ట్ చేసేముందు నాకు వీడియో కాల్ చేసి ఫోను ఇంజిను దగ్గర పెట్టు, మాట్లాడకుండా ఒక్క నిమిషం విననివ్వు. ఇది మా అక్కకి ఇప్పుడే చెప్పకు. మా బావకి అయితే అసలే వద్దు, మొదట నేను మాట్లాడతాను.

మావయ్య