ఎర్ర పూత గుండ్లు ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది మారతహళ్ళి. ఈమధ్యే క్లబ్బులో పిస్టల్ నేర్చుకుంటున్నాను. టెక్సస్‌లో ఉండే మా బావ తన తూటాలు తనే లోడ్ చేసుకుంటాడు, అంటే కేసు అనే ఇత్తడి డొప్పలో ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), మందు, గుండు పెట్టి తయారుచేసుకుంటాడు. దసరాకి వస్తూ ఎర్ర పూత ఉన్న 9 ఎంఎం గుండ్లు, వాటిని కేసులో దించడానికి చేత్తో నొక్కే చిన్న ప్రెస్సు తెస్తానంటున్నాడు. పూత ఉంటే సీసపు విషం భయమే లేదంటాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. తెమ్మనమంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వద్దు బాబూ. బావగారు సూట్‌కేసు సర్దుకోకముందే ఫోన్ చేసి చెప్పండి.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మితేనే కావాలి. మన దగ్గర అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు ఉండాలి. తూటా భాగాలను, దాన్ని తయారుచేసే యంత్రాన్ని కూడా ఆ చట్టం మందుగుండు కిందే లెక్కగడుతుంది. అంటే మందు, ప్రైమర్ లేకపోయినా, ఉత్త గుండ్లూ ఆ ప్రెస్సూ తెస్తేనే ఇబ్బంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తయారుచేస్తే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటా దొరికి ఎయిర్‌పోర్టులో కేసులపాలైన వాళ్లున్నారు. పైగా 9 ఎంఎం మామూలు లైసెన్సుదారులకు నిషిద్ధ బోరు, అంటే గొట్టం ఆ కొలతలో ఉన్న తుపాకీ, దాని తూటా వాళ్లు పెట్టుకోకూడదు. క్లబ్బులో మీ చేతికిచ్చేది .22 అంగుళాల పిస్టల్ అయితే దాని తూటా తిరిగి లోడ్ చేసేది కాదు. ప్రైమర్ మందు కేసు అంచులోనే ఉంటుంది, ఒకసారి పేలితే దాని పని అయిపోయినట్టే.

ఇక పూత సంగతి. నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో చేసి రిటైరయ్యాను. బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి గాళ్లలో అతుక్కుపోయిన సీసాన్ని బ్రష్షుతో గీకడం ఎంత విసుగో నాకు తెలుసు. అందుకే డాలస్ దగ్గర మా అల్లుడి గ్యారేజీలో ఈ గుండ్లు మొదటిసారి చూసినప్పుడు నిజంగా ముచ్చటేసింది. గోళ్లరంగు వేసినట్టు నున్నగా, ఎర్రగా ఉంటాయి. లోపల ఉండేది సీసమే, గట్టిదనానికి కాస్త తగరం, యాంటిమొని కలుపుతారు. పైన పాలిమర్ పూసి ఓవెన్‌లో కాలుస్తారు. పాత రకం గుండ్ల గాడిలో మైనం లాంటి గ్రీజు పెట్టేవారు, కాలిస్తే పొగ కమ్మేసేది. పూతతో ఆ పొగ తగ్గింది, బ్యారెల్‌కు సీసం అంటడమూ తగ్గింది. రాగి తొడుగున్న గుండు కన్నా చవక కూడా. మీ బావ చెప్పినదాంట్లో ఇంతవరకు నిజమే.

కానీ ఆ పూత పల్చన. కేసు మూతిని ముందు కాస్త విప్పకపోతే, గుండు దిగేటప్పుడు అంచు పూతను గీరేస్తుంది. మా అల్లుడు అలాంటిదొకటి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. కేసు అంచున సన్నటి ఎర్ర పోగు, గుండు చుట్టూ వెండిలా మెరిసే గీత. ఆ గీత దగ్గర సీసం మళ్లీ బయటపడ్డట్టే. మూతిని మరీ బిగించినా ఇదే తంతు.

అసలు భయం గుండుది ఒక్కటే కాదు. మామూలు ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు రసాయనం ఉంటుంది. గుండుకి ఎంత మంచి పూత వేసినా ప్రైమర్ పేలినప్పుడు వచ్చే సీసపు పొగను అది ఆపలేదు. లోడ్ చేసేవాళ్లు కాల్చిన కేసుల్నే ఏరుకొచ్చి, మసి కడిగి మళ్లీ వాడతారు. ఆ మసిలో, శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. నేల మీద పాకి, వేళ్లు నోట్లో పెట్టుకునే పాప ఉన్న ఫ్లాటులో ఆ పని చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. సీసం ఇంతవరకైతే ఫర్వాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఖర్చు తగ్గాలంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పట్టుకోండి. 4.5 ఎంఎం బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దాన్ని చిన్నచూపు చూడకండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనూ, 25 మీటర్ల పిస్టల్‌లోనూ రజతాలు తెచ్చింది. ట్రిగ్గర్ మీద వేలు కుదురుగా ఉంటే ఏ పిస్టల్ అయినా మాట వింటుంది. ఒక్క సంగతి, ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న గుండ్లు, పెల్లెట్లూ సీసమే. వాటిని నోట్లో పెట్టుకునేవాళ్లను చూశాను, ఆ అలవాటు చేసుకోకండి.

ప్రశ్న: మావారు తుపాకీ కాల్చే రేంజ్ నుంచి వచ్చి అదే చొక్కాతో పిల్లాణ్ని ఎత్తుకుంటారు. ఏమైనా అవుతుందా?
– ఒక గృహిణి, రామమూర్తి నగర్

జవాబు: మీ అనుమానం సరైనదేనమ్మా. పైన చెప్పిన సీసపు దుమ్ము ఆ చొక్కాకూ అంటుతుంది. రేంజ్‌లోనే సబ్బు, చన్నీళ్లతో చేతులు, ముఖం కడుక్కుని రమ్మనండి. బూట్లు గుమ్మం బయటే. స్నానం చేశాకే పిల్లాడి దగ్గరకు రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి, దులపకండి. ఆయన బ్యాగు పెట్టే చోట చీపురు వేయకుండా తడిగుడ్డతో తుడవండి. వారం వారం వెళ్తుంటే రక్తంలో సీసం పరీక్ష చేయించమనండి. పిల్లాడికి కూడా చేయించాలా అని మీ పిల్లల డాక్టరును అడగండి.