సంపద పెరిగితే నీతి తగ్గుతుందా?

డబ్బున్నవారు ఇతరులకంటే ఎక్కువగా నియమాలు తప్పుతారా అన్న ప్రశ్నకు అవునని గట్టిగా చెప్పిన పరిశోధన 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణం నుంచి వెలువడింది. పాల్ పిఫ్, ఆయన సహచరులు కూడళ్ల దగ్గర వాహనాలను గమనించి, రోడ్డు దాటబోయే పాదచారికి దారి ఇవ్వాలని అక్కడి చట్టం చెబుతున్నప్పటికీ, ఖరీదైన కార్లు నడిపేవారే ఎక్కువగా ఆగకుండా వెళ్లిపోతున్నారని నమోదు చేశారు. అయితే ఖరీదైన కారు అప్పు చేసి కొన్నదీ కావచ్చు. కారును చూసి ఆస్తిని అంచనా వేయడం నాకు బలహీనమైన కొలమానంగానే తోస్తుంది.

నెదర్లాండ్స్‌లో ఫలితం ఇందుకు విరుద్ధంగా వచ్చింది. జేమ్స్ ఆండ్రియోని, నికోస్ నికిఫొరాకిస్, యాన్ స్టోప్ అనే ఆర్థికవేత్తలు, వేరొకరి పేరున్న ఉత్తరాలను పొరపాటున వచ్చినట్టుగా ధనికుల ఇళ్లకూ పేదల ఇళ్లకూ చేర్చగా (కొన్ని కవర్లలో నోటు ఉన్నట్టు బయటికే కనిపిస్తుంది), పేదలతో పోలిస్తే ధనికులు రెట్టింపుకు మించిన నిష్పత్తిలో వాటిని అసలు వ్యక్తికి పంపారు. అంతమాత్రాన ధనికులు మంచివారని ఆ పరిశోధకులు అనలేదు. ఆర్థిక ఒత్తిడినీ, ఆ డబ్బు ఎవరికి ఎంత అవసరమన్నదానినీ లెక్కలోకి తీసుకుంటే రెండు వర్గాల పరోపకార గుణంలో తేడా పెద్దగా మిగలదని వారి విశ్లేషణ.

మరో సంగతి కూడా గమనించదగినది. 2015లో దుబ్వా, రకర్, గలిన్స్కీ చేసిన ప్రయోగాల్లో, పైతరగతివారు సొంత లాభం కోసం, దిగువ తరగతివారు ఇతరుల మేలు కోసం అబద్ధమాడే ధోరణి ఎక్కువగా కనిపించింది.