ప్రింటర్ కనిపిస్తోంది, కాగితం మాత్రం రావడం లేదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, అప్పటినుంచి పాత లాప్‌టాప్ పారేయలేక విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింటో, ఉబుంటూనో వేయించుకున్నవాళ్ళు చాలామంది మనకి రాస్తున్నారు. నెట్ వస్తోంది, పాటలు వస్తున్నాయి, ప్రింటర్ దగ్గరే బండి ఆగుతోంది. అందుకని ఈసారి శీర్షికంతా ప్రింటర్లకే.

ప్రశ్న: రిటైరైన లెక్కల మాస్టార్ని. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అల్లుడు నా లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి వెళ్ళాడు. అన్నీ బాగున్నాయి, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్ ఒక్కటే మొండికేసింది. జాబితాలో దాని పేరుంది, ప్రింట్ ఇస్తే 'కంప్లీటెడ్' అని కూడా వస్తోంది, కాగితం మాత్రం కదలదు. ఊళ్ళో షాపులో చూపిస్తే ప్రింటర్ పోయిందన్నారు. నిజమేనా? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పోలేదు మాస్టారూ, పారేయకండి. మీ ప్రింటర్ బతికే ఉంది, కాకపోతే దానికి బుర్ర మీ లాప్‌టాప్ నుంచి రావాలి. ఈ 1020 రకానికి, అలాగే 1018, పీ1007, పీ1008లకి, తమను నడిపించే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, లోపల శాశ్వతంగా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని యూఎస్‌బీ కేబుల్ ద్వారా పంపాలి, కరెంటు పోతే అదీ పోతుంది, మళ్ళీ పంపాలి. విండోస్‌లో ఆ పని డ్రైవర్, అంటే కంప్యూటర్ తరఫున ప్రింటర్‌తో మాట్లాడే ప్రోగ్రాం, చడీచప్పుడు లేకుండా చేసేసేది కాబట్టి ఇన్నేళ్ళూ మీకు తెలియలేదు. ఆ ఫర్మ్‌వేర్ కంపెనీ సొత్తు, సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) బయటపెట్టలేదు, కాబట్టి మింట్ తనతోపాటు దాన్ని ఇవ్వదు, మనమే తెచ్చుకోవాలి.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పక్కింట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే దానికి ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి, తరువాత ప్రింటర్ స్విచ్ ఆపకుండా కేబుల్ మాత్రం పీకి మీ లాప్‌టాప్‌కి పెట్టండి. అప్పుడు మింట్ నుంచి కూడా పేజీ వచ్చిందంటే రోగం ఏమిటో తేలిపోయినట్టే.

ఇక మందు. ఆ ఫర్మ్‌వేర్‌ని హెచ్‌పీ 'ప్లగిన్' అనే పేరుతో విడిగా ఇస్తుంది, దాన్ని తెచ్చుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ అయినా సరే నెట్ ఉండాలి. ప్రింటర్ ఆన్‌లో పెట్టి, మింట్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో హెచ్, పీ, అడ్డగీత, ప్లగిన్ అని ఖాళీ లేకుండా కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి అడ్డగీత, ఐ అని కొట్టి (hp-plugin -i) ఎంటర్ నొక్కండి. డౌన్‌లోడ్ చెయ్యాలా అంటుంది, డి అని ఇవ్వండి, షరతులకు ఒప్పుకోమంటుంది, ఒప్పుకోండి, పాస్‌వర్డ్ అడుగుతుంది. అది మీరు లాప్‌టాప్ తెరిచేటప్పుడు కొట్టేదే. కొడుతుంటే అక్షరాలు కనపడకపోవచ్చు, కీబోర్డ్ పాడైందని టెన్షన్ పడకండి, కొట్టి ఎంటర్ నొక్కండి. (అల్లుడికి వీడియో కాల్ చేసి చేయించుకున్నా తప్పులేదు, ఆయన మొదలుపెట్టిన పనే కదా.)

తరువాత మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద ప్రింటర్స్ తెరిచి, ఇప్పుడున్న 1020 ఎంట్రీని తీసేసి, యాడ్ నొక్కి కొత్తగా చేర్చండి. డ్రైవర్ ఎంచుకునే చోట చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకే మోడల్‌కి రెండు పేర్లు కనపడవచ్చు, ఒకటి 'ఫూ2జెడ్‌జేఎస్' అని ఉంటుంది, రెండోది 'హెచ్‌పీకప్స్' అని ఉండి పక్కన 'రిక్వయర్స్ ప్రొప్రయిటరీ ప్లగిన్' అని ఉంటుంది. మీరు రెండోదే తీసుకోండి. మొదటిది వలంటీర్లు రాసిన మంచి డ్రైవరే, కానీ ఫర్మ్‌వేర్ విడిగా అందకపోతే పేజీ పంపేశాననుకుని 'కంప్లీటెడ్' అని చేతులు దులుపుకుంటుంది, మీకు జరిగింది అదే అని నా అనుమానం. ఇంకోటి, ఎప్పుడైనా పెద్ద అప్‌డేట్ తరువాత మళ్ళీ మూగబోతే ఆ ప్లగిన్ ఆదేశమే మరోసారి ఇవ్వండి, ఎందుకంటే హెచ్‌పీ సాఫ్ట్‌వేర్ వెర్షనూ ప్లగిన్ వెర్షనూ ఒకటే అయి ఉండాలి.

ప్రశ్న: జిరాక్స్ షాపు నడుపుతాను. కానన్ ఎల్‌బీపీ 2900 ఉంది, రాయిలా పనిచేస్తుంది. ఉబుంటూకి మారాక రెండు రోజులు డ్రైవర్ కోసం వెతికాను, నాలుగైదు సైట్ల నుంచి ఏవేవో ఎక్కించాను, రాలేదు. పక్కన ఒక విండోస్ 7 కంప్యూటర్ కూడా ఉంది, దాని నుంచి షేర్ చేస్తే వస్తుందా? (సిద్దిపేట)

జవాబు: ముందు ఆ నాలుగైదు సైట్ల సరుకు తీసేయండి. విండోస్‌లో ప్రింటర్ అనగానే డ్రైవర్ వెతకడం మనకు అలవాటైపోయింది, లినక్స్‌లో ఆ అలవాటే కొంప ముంచుతుంది. ఇక్కడ అడగాల్సింది ప్రింటర్‌కి ఏ భాష వచ్చు అని. మీ 2900కి వచ్చింది క్యాప్ట్ అనే కానన్ సొంత భాష ఒక్కటే, పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్ మీదే పడేస్తుంది. లినక్స్‌కి కానన్ ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్ చాలా పాతది, 32 బిట్ ముక్కలు కావాలంటుంది, కొత్త ఉబుంటూలో ఎక్కించడం పెద్ద తలనొప్పి. వలంటీర్లు తయారుచేసిన క్యాప్ట్‌డ్రైవర్ అనేది ఉంది, 2900కి పనిచేస్తుంది, ఇంట్లో అయితే ప్రయత్నించమనేవాణ్ణి. వాకిట్లో నలుగురు ఆధార్ కాపీల కోసం నిలబడి ఉండగా ఆ ప్రయోగాలు వద్దు.

షేరింగ్ సంగతి. అది కూడా మీరనుకున్నట్టు జరగదు. విండోస్ నుంచి షేర్ చేసినా పేజీని ఆ క్యాప్ట్ భాషలోకి మార్చి పంపాల్సింది ఉబుంటూయే, అంటే మళ్ళీ అదే డ్రైవర్ కావాలి. కాబట్టి సులువైన దారి, ప్రింటర్‌ని విండోస్ 7కే ఉంచి, దాన్ని నెట్‌కి తగిలించకుండా, ఉబుంటూలో చేసిన ఫైళ్ళు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి తీయండి. అందంగా లేదు, ఒప్పుకుంటాను, గిరాకీ మాత్రం ఆగదు. మళ్ళీ కొనేటప్పుడు అట్ట పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూసి కొనండి, ఎందుకో కింద చెప్తాను.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. వైఫై ప్రింటర్, ఉబుంటూ. డ్రైవర్ ఏమీ వేయకుండానే ప్రింట్ వచ్చింది, అది ఎలాగో అర్థం కాలేదు. ఇప్పుడు ఒకే ప్రింటర్ రెండుసార్లు కనిపిస్తోంది, ఒకదాంట్లో వస్తోంది, రెండోదాంట్లో రావట్లేదు.

జవాబు: 2010లో ఆపిల్ ఐఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇచ్చే ఎయిర్‌ప్రింట్ అనే పద్ధతి తెచ్చింది, ఫోన్‌లోకి డ్రైవర్లు ఎక్కించలేరు కాబట్టి ప్రింటర్లే అందరికీ తెలిసిన ఒక భాష నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ మేలు లినక్స్‌కీ దక్కింది. ఐఫోన్ నుంచి ప్రింట్ ఇచ్చే ప్రింటర్ చాలావరకు ఉబుంటూలో కూడా డ్రైవర్ లేకుండానే వస్తుంది. రెండు పేర్లంటే ఒకటి ఉబుంటూ తనంతట తాను కనిపెట్టింది, రెండోది ఎప్పుడో మీరు చేర్చింది అయి ఉంటుంది. రానిదాన్ని తీసేయండి. రేపు రెండూ మాయమైతే లాప్‌టాప్ గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా పెట్టేది, అందులోంచి ప్రింటర్ కనపడదు) ఉందేమో చూడండి.

ప్రశ్న: లినక్స్ అంటే ఉచితం, స్వేచ్ఛ అంటారు. మరి ప్రింటర్‌కే ఎందుకింత తంటా? (విశాఖ నుంచి ఒక బీటెక్ విద్యార్థిని)

జవాబు: తమాషా ఏమిటంటే అమ్మా, ఆ స్వేచ్ఛ గొడవ మొదలైందే ఒక ప్రింటర్ దగ్గర. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూసేవాళ్ళ తెరల మీద కబురు వచ్చేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాం మార్చి పెట్టుకున్నాడు, కొత్తదానికి సోర్స్ కోడ్ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాశానని ఆయన ఇవ్వలేదు. ఆ కోపం స్టాల్‌మన్‌కి చాలాకాలం మిగిలింది, 1983లో, ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు.

మనం ఇప్పుడు వాడే ప్రింటింగ్ వ్యవస్థ పేరు కప్స్. మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టాడు, 1999లో విడుదలైంది, 2007లో ఆపిల్ దాని సోర్స్ కోడ్ కొనుక్కుంది. మీ స్నేహితురాలి మ్యాక్‌బుక్‌లోనూ ఉన్నది అదే. అంటే తంటా లినక్స్‌లో ప్రింటింగ్ చేతకాక కాదు, తన భాష చెప్పని ప్రింటర్లతోనే.

ప్రశ్న: నిన్నటిదాకా బాగా వచ్చింది. మధ్యలో కేబుల్ ఊడింది, మళ్ళీ పెట్టినా పనులు వరసలో పేరుకుంటున్నాయి తప్ప ప్రింట్ లేదు. (ఖమ్మం)

జవాబు: ఒక పని తప్పిపోతే కప్స్ ఆ ప్రింటర్‌ని ఆపి పెట్టేస్తుంది, మళ్ళీ మొదలుపెట్టమని మనం చెప్పేదాకా ఒక్కోసారి కదలదు. ప్రింటర్స్‌లో దాని బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'ఎనేబుల్డ్' టిక్ పెట్టండి. ముందు వరసలో ఉన్నవి రద్దు చెయ్యడం మరిచిపోకండి, లేకపోతే విసుగొచ్చి పదిసార్లు నొక్కిన ఆ ఒక్క పేజీ పదిసార్లూ వస్తుంది.

ప్రశ్న: ప్రింట్ ఇస్తే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ట్రేలో కాగితం ఉన్నా కాగితం పెట్టమంటోంది. ప్రింటర్ మీద బటన్ నొక్కితే వస్తుంది, కింద రెండు లైన్లు తెగిపోతున్నాయి. (కర్నూలు)

జవాబు: లినక్స్ వేసేటప్పుడు భాష అమెరికా ఇంగ్లిష్ అని ఎంచుకుని ఉంటారు, దాంతో కాగితం కూడా అమెరికా వాళ్ళ 'లెటర్' సైజు అయిపోయి ఉంటుంది. అది ఏ4 కన్నా 6 మిల్లీమీటర్లు వెడల్పు, 18 మిల్లీమీటర్లు పొట్టి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో మీడియా సైజు ఏ4 చేయండి, లిబ్రేఆఫీస్‌లో అప్పటికే చేసిన ఫైళ్ళకి పేజీ స్టైల్‌లో విడిగా మార్చాలి.